అరువు గొంతు

ఆ సినిమా హాల్లో గేటు దగ్గర నిలబడే మనిషికి సొంత మాటలు నాలుగంటే నాలుగేనని, మిగతావన్నీ సినిమాల వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవేనని ఊరంతా చెప్పుకునేది. అది అబద్ధం. సొంత మాటలు ఆరు ఉన్నాయి. టికెట్టు, లోపలికి, వరస, అయిపోయింది, రేపు, సరే. ఈ ఆరింటిలో రెండు మాత్రమే తిన్నగా బయటికి వచ్చేవి. తక్కిన నాలుగూ పెదవుల గడప దగ్గర కాలు తట్టుకుని పడేవి. గేటాయనకు నత్తి.

అయితే కొత్తవాళ్లకు ఆ సంగతి తెలియడానికి నెల పట్టేది. ఇరవై రెండేళ్లుగా రోజుకు మూడు ఆటలు చెవిన పడి, రాజుల మాటలు, దొంగల మాటలు, ఏడ్చే తల్లుల మాటలు, అన్నీ ఆయన నాలుక మీద మకాం పెట్టాయి. అవి మాత్రం నూనె రాసిన గొళ్లెంలాగా జారి వచ్చేవి. సందర్భానికి సరిపోయే డైలాగు ఎంచి వదలడమే ఆయన మాట్లాడడం. తలుపులు వెయ్యాలంటే "సేనాపతీ, కోట ద్వారాలు మూయించు" అనేవాడు. ఇంటికెళ్లి అన్నం పెట్టమనడానికి "దేవీ, ఆకలి అనే శత్రువు మా ఉదర దుర్గాన్ని ముట్టడించినాడు" అనేవాడు. వీధిలో కుక్క వెంటబడితే విలన్ గొంతుతో ఒకటి వదిలేవాడు, కుక్క వెనక్కి తిరిగేది. ఆ కుక్క మళ్లీ ఆ వీధిలోకి రాలేదని కూడా చెబుతారు.

ఆయన భార్య వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. ఇస్త్రీపెట్టె ఆనించి ఎవరితోనైనా చెప్పేది: "పెళ్లికి ముందు మొదటిసారి కలిసినప్పుడు, నా జీవిత నౌకకు నువ్వే చుక్కాని అన్నాడీయన. అబ్బో, ఎంత ధారాళంగా మాట్లాడతాడో అనుకున్నాను. పెళ్లయిన మూడోరోజు ఉప్పు అడగడానికి అన్నం ఉడికేంత సేపు పట్టింది. అప్పుడు తెలిసింది, నౌక వేరే వాళ్లదని."

టికెట్టు చింపడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. ఎడమ చేత్తో అందుకుని, బొటనవేలి గోరు మధ్యగీత మీద ఆనించి ఒక్కటే లాగు. రెండు ముక్కల్నీ బంగారం తూచే త్రాసులో వేసినా ముల్లు కదలదని పైగదిలో రీళ్లు తిప్పే ఆపరేటరు పందెం కాసేవాడు. సగం ముక్క జనం చేతికి, సగం ముక్క నడుముకు వేలాడే తీగకు. ఆట మొదలయ్యేసరికి తీగ నిండేది.

అప్పుడు ఆడుతున్న సినిమాకు మూడో వారం. అందులో ఒక వంటవాడి వేషం ఉంది. కథకూ దానికీ ఏ సంబంధమూ లేదు. పెళ్లింట్లో పందిరికి నిప్పంటుకుంటుంది. అది మొదట చూసినవాడు వంటవాడు. నెత్తిన గళ్ల టోపీతో పరుగెత్తుకొచ్చి "ని... ని... ని..." అంటాడు. వాడికి నత్తి. "నిమ్మకాయలా?" అంటాడు పెళ్లికూతురి తండ్రి. "నిచ్చెనా?" అంటాడు మేనమామ. "నిద్రొస్తోందా పాపం" అంటుంది ఒక ముసలావిడ. వంటవాడి నోట నిప్పు అనే మాట పూర్తయ్యేసరికి పందిరి బూడిద. ఆ సీనుకు హాలు నవ్వే నవ్వుకు గోడల మీది బల్లులు పట్టుతప్పి బాల్కనీ వాళ్ల ఒళ్లో పడుతున్నాయని ఆపరేటరు చెప్పేవాడు. బల్లుల మాటేమో గాని, కుర్చీల మరమేకులు వదులైన మాట నిజం. అవి బిగించింది గేటాయనే.

మొదటి రోజు మొదటి ఆటలో, తలుపు దగ్గరి తెర పట్టుకుని నిలబడి ఆయన కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. ఆట వదిలాక జనం బయటికొస్తూ తన ముందు ఆగి ఒక్కొక్కరే "ని... ని..." అనడం మొదలుపెట్టినప్పుడుగాని ఎవర్ని చూసి నవ్వాడో ఆయనకు తెలియలేదు. ఆ తరవాత ఆ సీను వచ్చే వేళకు వరండాలోకి వచ్చి, గోడవైపు తిరిగి, తీగకు గుచ్చిన ముక్కల్ని లేనిపోని శ్రద్ధతో సర్దుకుంటూ ఉండేవాడు. నవ్వు గోడ దాటి వచ్చి వీపుకు తగిలేది.

గురువారం పొద్దున ఓనరు పిలిచాడు. ఓనరు చెడ్డవాడు కాదు. తన హాలు నిండాలని తప్ప లోకంలో ఇంకే కోరికా లేని మనిషి.

"రావయ్యా రా. మన సినిమా ఎలా ఆడుతోంది?"

"బా... బా..."

"బాగా ఆడుతోంది. అది నాకూ తెలుసు. నీకు తెలియంది చెబుతాను, కూర్చో."

గేటాయన కూర్చోలేదు. ఆ ఊళ్లో ఆయన మాట చివరిదాకా విన్నవాళ్లు ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. అందరూ మధ్యలోనే అందుకుని పూర్తి చేసేవాళ్లు. వాళ్లు ఏది అందిస్తే అదే తన మాటని ఒప్పుకోవడం ఆయనకు అలవాటైపోయింది. ఒకసారి సెలూన్లో "మీ... మీ..." అంటే, మీసం తీసెయ్యాలా, సరే అని కత్తి పెట్టేశాడు ఆ పనివాడు. మీరు కానివ్వండి, నేను తరవాత వస్తాను అన్నది ఈయన చెప్పబోయిన మాట. మీసం మళ్లీ మొలిచేదాకా ఇంట్లో భార్య ఆయన్ని తమ్ముడూ అని పిలిచింది.

ఓనరు బల్ల సొరుగులోంచి గళ్ల టోపీ తీశాడు. అచ్చం సినిమాలో వంటవాడి టోపీ.

"రేపటినుంచి ఇది పెట్టుకుని గేట్లో నిలబడు. వచ్చినవాళ్లతో టి... టి... టికెట్టు అను. ని... ని... నిదానంగా రండి అను. బయట నుంచే నవ్వుకుంటూ లోపలికొస్తారు. ఇంకో మూడు వారాలు లాగొచ్చు."

"నా... నా..."

"నీకెందుకంటావా? ఇంకెవరికైనా పెట్టొచ్చు. కాని వాడు నటించాలి. నీకైతే నటించే పని కూడా లేదు." ఓనరు ఇది పొగడ్తలాగే అన్నాడు. "నీ గేటు నీదేనయ్యా. టోపీ ఒక్కటే నాది."

గేటాయన టోపీ అందుకున్నాడు. చెప్పాలనుకున్న మాట "నా వల్ల కాదు" అన్నది. అది "వ" దాకా కూడా రాలేదు. బదులుగా నోట్లోంచి ఆ ఆరు మాటల్లో తట్టుకోని మాట ఒకటి దానంతటదే జారింది. "సరే" అన్నాడు.

శుక్రవారం మ్యాట్నీకి టోపీ పెట్టుకుని నిలబడ్డాక ఆయనకు ఒక వింత ఎదురైంది. జనం ముందు "టి... టి... టికెట్టు" అని నోరు తెరిచాడు. వచ్చింది ఆయన నత్తి కాదు. ఆయన నత్తి వచ్చేటప్పుడు కనురెప్పలు వాలేవి, కుడికాలి మడమ నేలను తట్టేది, గొంతులో ఎవరో పిడికిలి బిగించినట్టుండేది. ఇప్పుడు అవేమీ లేవు. సినిమాలో వంటవాడు ఎన్ని సార్లు "ని" అంటాడో అన్ని సార్లే, అదే తాళంతో, అదే సాగదీతతో వచ్చింది. అది కూడా ఒక డైలాగే అయిపోయింది మరి. పుట్టు నత్తివాడు నత్తి అభినయించడానికి ఇంకొకరి నత్తి తెచ్చుకోవలసి వచ్చింది. జనానికి అంతా ఒకటే. విరగబడి నవ్వారు. కుర్రవాళ్లు తిరిగి "ని... ని..." అన్నారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తీగ ఎప్పటికన్న ముందే నిండింది.

"అద్దిరిపోయింది" అన్నాడు ఓనరు బుకింగు కిటికీలోంచి తల బయటపెట్టి.

సాయంత్రం ఇంటికెళ్తే భార్య టోపీ చూసింది. చేతిలోకి తీసుకుని, తిరగేసి, లోపలి కుట్టు చూసింది.

"కుట్టు బాలేదు" అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏదైనా దెప్పకుండా వదిలిందంటే అది చాలా పెద్ద సంగతి.

* * *

ఆదివారం మ్యాట్నీకి వరస వీధి మలుపు దాకా పోయింది. ఎండగా ఉంది. టోపీ కింద నుదుటి మీద చెమట కారుతోంది. అప్పటికి ఆయన ఎదురుగా నిలబడి నత్తి పట్టి వెక్కిరించినవాళ్ల సంఖ్య నలభై దాటింది. అందరికీ నవ్వు ముఖమే చూపించాడు. పిల్లలు పట్టారు, పిల్లల తండ్రులు పట్టారు, ఒక తాతగారైతే మనవల్ని ఆపి మరీ పట్టాడు.

ఆ వరసలో తెల్ల చొక్కా వేసుకున్న ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చొక్కా మడతలు కత్తితో కోసినట్టున్నాయి. పక్కన భార్య, చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ల కూతురు. పిల్ల కొత్త గౌను వేసుకుంది. మనిషి మూడు టికెట్లు ముందుకు చాచాడు.

"టి... టి... టికెట్టు. ని... ని... నిదానంగా రండి" అన్నాడు గేటాయన, వంటవాడి తాళం తప్పకుండా.

ఆ మనిషి చాచిన చెయ్యి ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"మీ... మీ... మీరు" అన్నాడు. "మ... మ... మమ్మల్ని..."

వెనక వరస కిసుక్కుమంది. ఇంకొకడు దొరికాడని గేటాయన అనుకున్నాడు. కుర్రవాళ్లంటే సరే. పెళ్లాం పిల్లల్ని పక్కన పెట్టుకుని పెద్ద మనిషి కూడానా. పైగా ఒక్కమాటతో ఆపడం లేదు. "ఎ... ఎ... ఎగ..." అని లాగుతూనే ఉన్నాడు, కళ్లలోకి చూస్తూ. రెండు వారాలుగా మింగినదంతా గేటాయనకు ఒక్కసారి గొంతులోకొచ్చింది. కోపానికి కూడా ఆయన దగ్గర సొంత మాటలు లేవు. ఎప్పుడో విన్న ఒక మహారాజు గొంతు అందింది.

"చాలించు నీ పరిహాసం. ఈ కొలువులో విదూషకుడు ఒక్కడే. ఆ పీఠం ఖాళీ లేదు. తప్పుకో" అన్నాడు, గంట కొట్టినట్టు. అని, చేత్తో ఆ మనిషిని వరసలోంచి పక్కకు నెట్టాడు.

వరస మొత్తం చప్పట్లు కొట్టింది. ఇదంతా ఆటలో భాగమనుకున్నారు.

మనిషి నెట్టినచోటే నిలబడ్డాడు. నోరు ఇంకా తెరిచే ఉంది. కనురెప్పలు వాలి ఉన్నాయి. మోకాలు సన్నగా వణుకుతోంది. అప్పుడు గేటాయన చూశాడు. నటించేవాళ్లెవరూ మోకాలు వణికించరు. అది చూసి నేర్చుకునేది కాదు.

భార్య ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆయన మాటే అంతండీ" అంది. "ఎగతాళి కాదు."

పిల్ల తండ్రి చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. వెళ్లి తల్లి చేతిసంచి పట్టుకుని, తలొంచుకుని బూటు ముక్కుతో నేల మీద ఏదో గీసింది. ముగ్గురూ వెనక్కి తిరిగారు. మనిషి చేతిలో మూడు టికెట్లూ చింపకుండానే ఉన్నాయి. వరస వాళ్లకు దారి ఇచ్చింది. దారి ఇస్తూ ఒకడు "ని... ని... నిదానంగా వెళ్లండి" అన్నాడు. దానికీ నవ్వారు.

గేటాయన ఇంకా రెండు వందల టికెట్లు చింపాడు. ఆ తరవాత తీగకు గుచ్చినవాటిలో ఒక్కటీ మధ్యకు చిరగలేదు.

విశ్రాంతి ఇచ్చాక మెట్లెక్కి పైగదికి వెళ్లాడు. ఆపరేటరు రీలు మార్చి, వేళ్లకంటిన నూనె గుడ్డకు తుడుచుకుంటున్నాడు. గేటాయన స్టూలు మీద కూర్చుని టోపీ తీశాడు.

"ఏంటి బావా, ముఖం అలా ఉంది? కడుపునొప్పా?"

గేటాయన తల అడ్డంగా తిప్పాడు. "తె... తె..."

"తెర చిరిగిందా?"

"తెల్ల... చొ... చొక్కా..."

ఆపరేటరు పందెంరాయుడే గాని మూర్ఖుడు కాదు. గుడ్డ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, నోరు మూసుకున్నాడు. విశ్రాంతి సమయం అయిపోయింది. కింద జనం ఈలలు వేశారు. అయినా కదలలేదు. మొత్తం విన్నాక లేచి యంత్రం తిప్పాడు. వెలుగు చిన్న కిటికీలోంచి తెర మీదికి దూకింది.

"ఆయన నాకు తెలుసు బావా. పార్సిల్ ఆఫీసులో లక్క ముద్రలు వేస్తాడు. మాట్లాడగా ఎప్పుడూ వినలేదు, నేనూ అది పొగరనుకున్నాను." కాసేపు రీలు తిరగడం చూశాడు. "ఒక పని చేస్తాను. ఆ నిప్పు సీను కత్తిరించి అవతల పారేస్తా. రెండు చోట్ల కత్తెర, ఒక చోట అతుకు. నిమిషం పని. ఓనరు అడిగితే ఫిలిం తెగిందంటాను."

గేటాయన లేచి ఆ చిన్న కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"వ... వద్దు" అన్నాడు. కింద హాల్లోకి వేలు చూపించాడు. "వా... వాళ్ల నో... నోళ్లల్లో... ఉందిగా. అ... అది క... కత్తిరించలేవు."

* * *

సోమవారం పొద్దున ఆయన గడ్డం గీసుకుంటూ అద్దం ముందు సాధన చేశాడు. క్షమాపణ డైలాగులకు కొదవేముంది. తమ్ముడు అన్న కాళ్లమీద పడేవి, కొడుకు తల్లి కాళ్లమీద పడేవి, గజదొంగ న్యాయమూర్తి ముందు మోకరిల్లేవి, కనీసం ఇరవై దాకా ఉన్నాయి. అన్నిట్లోకీ మంచిది ఎంచుకున్నాడు. "నా కళ్లకు కమ్మిన అహంకారపు పొరను నీ కన్నీటితో కడిగావు సోదరా" అన్నది. ఒక్కచోట కూడా తట్టుకోలేదు.

భార్య ఇస్త్రీ ఆపి విన్నది.

"బాగుంది" అంది. "ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడా?"

"లే... లేదు."

"మరి దేంతో కడిగాడు?"

ఆయన ముఖం మీది సబ్బు తుడుచుకుని చొక్కా తగిలించుకున్నాడు.

పార్సిల్ ఆఫీసు హాలుకు నాలుగు వీధుల అవతల ఉంది. పొడవాటి గది, ఇనుప కమ్మీల కిటికీ, కిటికీ వెనక త్రాసు, గోనెసంచులు. తెల్ల చొక్కా మనిషి లక్క గుమాస్తా అన్నమాట. ఒక చేత్తో కొవ్వొత్తి మంటలో ఎర్రలక్క కడ్డీ కరిగించి, ముడి మీద చుక్క వేసి, అది చల్లారకముందే ఇత్తడి ముద్ర ఒత్తుతున్నాడు. చుక్క పెద్దదైతే కారిపోతుంది, చిన్నదైతే ముద్ర పడదు. ఆయన వేసిన ప్రతి చుక్కా ఒకే కొలత. గేటాయన వరసలో నిలబడి ఆ చేతులే చూశాడు. ఒక పనిమంతుడికి ఇంకో పనిమంతుడి చేతులు కనిపిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది. ముందర ఆరుగురున్నారు. గుమాస్తా ఎవరితోనూ మాట్లాడలేదు. బరువు చీటీ మీద రాసి తోసేవాడు, వేలితో సంతకం చోటు చూపించేవాడు.

గేటాయన వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తి చూసి, గుర్తుపట్టి, చెయ్యి చాపాడు.

"పా... పార్సిలు" అన్నాడు.

గేటాయన చేతిలో పార్సిలు లేదు. కమ్మీలు పట్టుకున్నాడు. డైలాగు నాలుక మీద సిద్ధంగా ఉంది. "నా కళ్లకు కమ్మిన" అని మొదలుపెట్టాడు. గంట కొట్టినట్టు వచ్చింది. ఆ గొంతు వినగానే గుమాస్తా ముఖం గోడలా అయిపోయింది. నిన్న తనను పక్కకు నెట్టిన గొంతు అదే. గేటాయన అది చూసి ఆగిపోయాడు. మధ్యలో ఆపిన డైలాగు ఆయన జీవితంలో అదే మొదటిది.

ఊపిరి పీల్చుకున్నాడు. అరువు గొంతులన్నీ పక్కకు పెట్టి, ఉన్న ఒక్క గొంతుతో మొదలుపెట్టాడు.

"ని... ని..."

వెనకాల ఎవరో "నిప్పు" అని అందించారు. నవ్వు వచ్చింది. గుమాస్తా చేతిలో లక్క కడ్డీ బిగుసుకుంది.

"ని... నిన్న" అన్నాడు గేటాయన. కనురెప్పలు వాలిపోయాయి. మడమ నేలను తట్టడం మొదలుపెట్టింది, టక్ టక్ మని. "నా... నాకు... కూ... కూడా..." గొంతులో పిడికిలి బిగిసింది. అది వదిలేదాకా ఏ ఉపాయమూ లేదు, నిలబడాలి అంతే. నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. కమ్మీల అవతల కొవ్వొత్తి కారుతోంది.

గుమాస్తా ఆయన పెదవుల వంక చూడలేదు. కింద తడుతున్న మడమ చప్పుడు విన్నాడు. కమ్మీల మీదికి వంగి, ఆ కాలిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ని... ని... నిజంగానా?" అన్నాడు.

"ని... నిజమే."

"ఎ... ఎప్పట్నించి?"

"పు... పు... పుట్టినప్పట్నించి. నీ... మీ..."

"నా... నాకు ఆ... ఆరో ఏటి నుంచి. కు... కుక్క క... కరిచింది."

"ఆ కు... కుక్కకేమైంది?"

గుమాస్తా ఆలోచించాడు. "అ... అది బా... బాగానే మొ... మొరిగేది" అన్నాడు.

ముందు గుమాస్తా భుజాలు కదిలాయి. తరవాత గేటాయనవి. ఇద్దరూ కమ్మీలకు అటూ ఇటూ పట్టుకుని నవ్వారు. నవ్వుకు నత్తి ఉండదు. వరసలో ఇంకెవరూ నవ్వలేదు. నవ్వచ్చో కూడదో వాళ్లకు తెలియలేదు.

నవ్వాక గుమాస్తా కొవ్వొత్తి ఆర్పి, లోపలున్న ఇంకో గుమాస్తాకు కిటికీ అప్పగించి బయటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు కాగితం మీద పెడితే పది వాక్యాలు. పట్టిన కాలం గంట. ఆ పది వాక్యాల్లో ఉన్నది ఇది. సినిమా వచ్చిన దగ్గర్నుంచి బడిలో పిల్లలు గుమాస్తా కూతుర్ని "ని... ని..." అని పిలుస్తున్నారు. పిల్ల పోయిన వారం ఇంట్లో చెప్పింది, నాన్న ఇక బడికి రావద్దని, అమ్మే వచ్చి తీసుకెళ్లాలని. గుమాస్తా రెండు రోజులు ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీను చూడాలి. అందరికంటే ముందు తనే నవ్వాలి. తండ్రే నవ్వితే పిల్లకు భయం పోతుందని. గేటు దాటితేగా.

"ని... నిన్నటి నుంచి నా... నాతో మా... మాట్లాడటం లేదు" అన్నాడు గుమాస్తా. "మా... మాట్లాడితే నే... నేను జ... జవాబు చెబుతానని."

గేటాయన తన అరచేతులు చూసుకున్నాడు.

"బు... బుధవారం ఫ... ఫస్ట్ షో" అన్నాడు. "తీ... తీసుకురండి."

* * *

అక్కణ్నుంచి తిన్నగా ఓనరు గదికి వెళ్లి బల్ల మీద టోపీ పెట్టాడు.

"ఏం, చిరిగిందా?" అన్నాడు ఓనరు.

"పె... పె..."

"పెద్దదా? చిన్నది కుట్టిద్దాంలే."

గేటాయన సరే అనలేదు. ఎవరు అందించిన మాట వారికే వదిలేసి, అక్కడే నిలబడ్డాడు.

"పెళ్లికి వెళ్లాలా? సెలవు కావాలా? ఏం కావాలయ్యా?"

గేటాయన నిలబడే ఉన్నాడు. మడమ తడుతోంది. ఓనరు చేతిలోని కాగితాలు సర్దాడు, మళ్లీ సర్దాడు, చివరికి సర్దడానికి ఏమీ మిగలక ఊరుకున్నాడు.

"పె... పెట్టుకోను" అన్నాడు గేటాయన.

ఓనరు ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కోప్పడలేదు. "అలాగా" అన్నాడు. "నా హాలు నిండాలి కదయ్యా. టోపీ పెట్టుకునేవాణ్ని చూసుకుంటాను. ఈ గురువారం దాకా గేట్లో ఉండు. శుక్రవారం నుంచి సైకిల్ స్టాండు."

సైకిల్ స్టాండుకు డైలాగులు వినిపించవు. అది హాలు వెనక, రేకుల కింద ఉంటుంది. ఇంటికెళ్లి చెబితే భార్య ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరించి వేడి చూసింది.

"మంచిదేలే" అంది. "ఇక ముందు అన్నం కావాలంటే అన్నమే అడగండి. నాకా కోటలూ దుర్గాలూ తుడిచే ఓపిక లేదు."

బుధవారం సాయంత్రం వరస ఆదివారమంత లేదు గాని, వరండా నిండా ఉంది. గేటాయన టోపీ లేకుండా నిలబడ్డాడు. "టి... టికెట్టు" అన్నది ఆయన సొంతంగా వస్తోంది, ఒక్కోసారి రావడం లేదు. కొందరు "టోపీ ఏదండీ" అని అడిగారు. మునుపటంత నవ్వు రాలేదని ఇద్దరు గొణిగారు కూడా. బుకింగు కిటికీలోంచి ఓనరు చూస్తూనే ఉన్నాడు.

రెండో గంట కొట్టాక గుమాస్తా వచ్చాడు. భార్య, కూతురు. పిల్ల తల్లి వైపు నడుస్తోంది, తండ్రికి రెండడుగుల ఎడంగా. గేటు దగ్గరకొచ్చేసరికి తల పూర్తిగా వాలిపోయింది.

"న... న... నమస్కారం" అన్నాడు గేటాయన.

పిల్ల ముఖం బిగుసుకుంది. ఆదివారం టోపీ మనిషే. మళ్లీ మొదలుపెట్టాడు. అయితే ఏదో తేడాగా ఉండి కొంచెం తలెత్తింది. ఆయన కనురెప్పలు వాలాయి. ఆ వాలడం ఆ పిల్లకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. రోజూ అన్నం దగ్గర ఎదురుగా చూసేదే.

గుమాస్తా టికెట్లు ఇచ్చాడు. గేటాయన గోరు ఆనించి లాగాడు. సగాలు చేతిలో పెట్టి, పిల్లకేసి చూసి, తండ్రిని అడిగాడు. "ఏ... ఏ వ... వరస కా... కావాలి?"

"ఫ్యా... ఫ్యా..." అన్నాడు గుమాస్తా.

"ఫ్యామిలీ వరస" అని అందించాడు వెనక నిలబడ్డ ఒకాయన.

"ఫ్యాషన్ షో" అన్నాడు ఇంకొకడు. నవ్వులు. "కానివ్వండయ్యా, సినిమా మొదలైపోతుంది. ఇద్దరూ దొరికారు మాకు."

గేటాయన కదల్లేదు. మూడో గంట కొట్టవలసింది ఆయనే. గంట తాడు చేతికి అందేంత దూరంలో ఉంది. పైగదిలో ఆపరేటరు ఆ గంట కోసమే చూస్తున్నాడు. గేటాయన తాడు వంక చూడలేదు, ఎదుటి మనిషి వంకే చూస్తున్నాడు.

"ఫ్యా... ఫ్యా..."

"అబ్బ, ఏంటండీ ఆలస్యం?" అన్నారు వెనక నుంచి.

పిల్ల వెనక్కి తిరిగింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. వరస మొత్తాన్ని, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఒకసారి చూసింది.

"మా నాన్న ఇంకా చెప్పడం అవలేదు" అంది.

గట్టిగా ఏమీ అనలేదు. అయినా వరస మాట్లాడ్డం మానేసింది. ఫ్యాషన్ షో అన్నవాడు తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"ఫ్యా... ఫ్యాను కింద" అన్నాడు గుమాస్తా. "పి... పిల్లకు ఉ... ఉక్క పోస్తుంది."

"కు... కుడివైపు" అన్నాడు గేటాయన. "నా... నాలుగో వ... వరస. గో... గోడ పక్క ఫ్యా... ఫ్యాను చ... చప్పుడు చేస్తుంది. మ... మధ్యది మం... మంచిది."

సినిమా ఏడు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.